గవ్వ సెలవులు

జూన్ 14, 1999

ఆఫీసులో ఇచ్చిన డైరీ. జనవరి నుంచి ఖాళీగా ఉంది. ప్రభ మార్చిలో పోయింది. ముందు పేజీలు అలాగే వదిలేసి ఇక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

పొద్దున్న మా కుక్క గవ్వను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా వేయించాను. డాక్టరు మాధవీలత గారు, బందరుకు కొత్తగా వచ్చారు. చిన్నావిడ. "దీనికి ఎన్ని కాన్పులయ్యాయండీ?" అన్నారు. ఒక్కటీ కాలేదన్నాను.

"ఆరో ఏడు నడుస్తోంది. పిల్లలు కావాలంటే ఈసారే చూడండి. ఈసారి తప్పితే ఇక ఆ ఆశ వదిలేయండి. వయసు మీద పడ్డాక తొలి కాన్పు మంచిది కాదు."

"ఈసారి అంటే ఎప్పుడండీ?"

"ఆరు నెలలకో ఏడు నెలలకో ఎదకొస్తుంది. ఒక్కో కుక్కది ఒక్కో లెక్క. పోయినసారి ఎప్పుడొచ్చింది?"

"నాకు తెలియదండీ. ఇంట్లో ఆవిడ చూసుకునేది."

"పర్లేదు, ఆవిడనడిగి చెప్పండి."

సరేనన్నాను.

జూన్ 15

ప్రభ కూడా అదే మాట అంది. పోయిన వేసవిలో, విజయవాడలో డయాలిసిస్ అయి కారులో వస్తుంటే. "గవ్వకు ఒక్క కాన్పు చేయిద్దామండీ. ఒక ఆడపిల్లను ఉంచుకుందాం. ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉండకూడదు."

ఉంచుకుందాం అంది. నేను రోడ్డు చూస్తున్నాను.

జూన్ 20, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

గవ్వ ఎప్పుడు ఎదకొచ్చిందో ప్రభ ఎక్కడా రాసిపెట్టలేదు. రాసుకునే మనిషి కాదు, తెలిసేదంతే. ఆ మాట కూడా నాతో సూటిగా అనేది కాదు. "గవ్వకు సెలవులిచ్చారు" అనేది. బళ్ళో టీచరు కదా. సెలవులంటే వెనక గది తలుపు వేసి ఉంటుంది, నేను ఏమీ అడగకూడదు. మూడు వారాల తర్వాత తలుపు తెరిచేది. నాకు తెలిసింది అంతే.

క్రిస్మస్ పాటలవాళ్ళు వచ్చినప్పుడు గవ్వ వెనక గదిలో అరిచింది. ప్రభ లేచి వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంది. గిటారు అబ్బాయి, ఆంటీ కూడా రండి అని పిలిచాడు. అంటే డిసెంబరు. అంతకు ముందుసారి వానలు మొదలైన రోజుల్లో, గొడుగు అడ్డం పెట్టుకుని గవ్వను పెరట్లోకి తిప్పి తెచ్చేది. అంటే జూన్.

టెలిఫోను కేబులు ఎక్కడ తెగిందో రెండు చివర్ల నుంచి కొలుచుకుంటూ పోతాం. అలాగే చేశాను. ఈ నెలాఖరు, లేదంటే జూలై.

జూన్ 28

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. డిసెంబరు అని చెప్పాను. "ఆవిడకు బాగా గుర్తున్నట్టుందే," అన్నారు. అవునన్నాను.

ఏం చూడాలో చెప్పారు. నేల మీద రక్తం చుక్కలు కనబడిన రోజు ఒకటో రోజు. మొదట్లో మగకుక్కను దగ్గరికి రానివ్వదు. పది రోజులకు అటూ ఇటూగా రంగు తగ్గి నీళ్ళలా అవుతుంది. రానిచ్చేది అప్పుడు. రక్తం తగ్గింది కదా అయిపోయిందనుకుని చాలామంది పొరపడతారట.

"రోజుల లెక్క ఒక్కటే నమ్మకండి. నడుము మీద చెయ్యి వేసి చూడండి. తోక పక్కకు పెట్టి కదలకుండా నిలబడితే అదీ గుర్తు."

గోడ మీద గేదె బొమ్మ చూస్తూ విన్నాను. ఆవిడ మామూలుగానే చెప్పారు. చెమట నాకే పట్టింది.

గుడివాడలో మల్లికార్జునరావు గారికి ఫోన్ చేశాను. అక్కడి మా ఎక్స్చేంజి వాళ్ళు చెప్పారు, ఆయన దగ్గర గవ్వ జాతిదే తెల్ల మగకుక్క ఉందని. "తప్పకుండా తీసుకురండి బావగారూ. మావాడు పెళ్ళీడు దాటిపోతున్నాడు," అన్నారు. ఆయన్ని నేనింతవరకూ చూడలేదు.

జూలై 4

ఏమీ లేదు.

జూలై 11

ఏమీ లేదు. పొద్దున్నా సాయంత్రం నేల చూస్తున్నాను. మొజాయిక్ నేల, తెల్లది, చుక్క పడితే కనబడాలి. దుర్గ పొద్దున్నే వచ్చి ఇల్లు తడిగుడ్డ పెడుతుంది. ప్రభ పెట్టుకున్న మనిషి. పన్నెండేళ్ళుగా వస్తోంది. ఈ మధ్య నేను లేవకముందే తుడిచేస్తోంది. అద్దంలా ఉంటోంది ఇల్లు.

జూలై 16

గేటు దగ్గర మూడు వీధికుక్కలు. అనుమానం వచ్చి ఇల్లంతా వంగి చూశాను. మంచం కింద కూడా. ఏమీ లేదు.

దుర్గను అడిగాను, ఈ కుక్కలేంటి అని. తల వంచుకుని చీపురు దులుపుకుంటూ, "పక్కింట్లో రొయ్య పొట్టు పారేశారండి సారూ," అంది.

జూలై 20

దుర్గ చెల్లెలి కూతురి ఫంక్షనని నిన్న హంసలదీవి వెళ్ళింది. నాలుగు రోజులు రాదు.

పొద్దున్న లేచేసరికి వంటింటి గుమ్మం దగ్గర చుక్కలు. హాల్లో రెండు. గవ్వ పడుకున్న చోట మరక.

కూర్చుని చాలాసేపు చూశాను. తుడవాలనిపించలేదు.

ఇవాళ ఒకటో రోజు. జూలై అనుకున్నాను, జూలైలోనే వచ్చింది. ప్రభ లెక్క నేనూ కట్టగలిగాను. రంగు మాత్రం నేననుకున్నంత ఎర్రగా లేదు. కడిగిన నీళ్ళలా ఉంది. మొదటిరోజు ఇలాగే ఉంటుందేమో.

వెనక గది తలుపు వేశాను.

జూలై 22

గవ్వకు దువ్వెన పెడుతుంటే తోక పక్కకు పెట్టి నిలబడింది. డాక్టరు చెప్పిన గుర్తు. కానీ ఇవాళ మూడో రోజే. కాదు.

మల్లికార్జునరావు గారికి ఫోన్. "వచ్చే శుక్రవారం రండి బావగారూ, అప్పటిదాకా హైదరాబాదులో ఉంటాను." శుక్రవారానికి పదకొండో రోజు. అంతకంటే బాగా కుదరదు.

జూలై 27

గేటు దగ్గర కుక్కలు లేవు. చుక్కలూ లేవు. డాక్టరు చెప్పినట్టే జరుగుతోంది. ఆగిపోయిందని కంగారుపడేవాళ్ళలో నేను లేను.

జూలై 30, శుక్రవారం

పొద్దున ప్యాసింజరులో గుడివాడ వెళ్ళాం. గవ్వను వెదురు బుట్టలో పెట్టి పైన తువాలు కట్టాను. పెడన దాటేదాకా బాగానే ఉంది. తర్వాత మూతి బయటపెట్టింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ, "కోడిపిల్లలనుకున్నానండి," అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

మల్లికార్జునరావు గారు స్టేషనుకే వచ్చారు. లావుపాటి మనిషి, తెల్ల చొక్కా, స్కూటరు. "రండి రండి వియ్యంకుడుగారూ. పిల్లను బుట్టలో తెచ్చారన్నమాట, సంప్రదాయం తెలిసినవారు." దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ళావిడ పెసరట్లు వేసింది. మీ ఆవిడను కూడా తీసుకురావాల్సిందండీ అంది. మార్చిలో పోయిందని చెప్పాను. ఆవిడ నా ప్లేటులో ఇంకో పెసరట్టు వేసి లోపలికి వెళ్ళిపోయింది.

గవ్వను పశువుల పాకలోకి తీసుకెళ్ళారు. నేను లేవబోతే ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "పెద్దవాళ్ళం మనకెందుకండీ అక్కడ. మా పాలేరు అంకమ్మరావు చూసుకుంటాడు. మీరు కాఫీ తాగండి." పాకలోంచి గవ్వ గుర్రుమనడం వినబడింది. ఓ అరుపు. తర్వాత చప్పుడు లేదు. కాసేపటికి అంకమ్మరావు చేతులు కడుక్కుంటూ వచ్చి, "అయిందండి," అన్నాడు.

"శుభం. కట్నం వద్దండి, ఒక పిల్ల చాలు," అన్నారు మల్లికార్జునరావు గారు. మగపిల్లను ఇస్తానన్నాను. ఆడపిల్ల మాది.

వచ్చేటప్పుడు గవ్వ బుట్టలో గుర్రుమంటూనే ఉంది. గుడ్లవల్లేరు దగ్గర నా వేలు కరిచింది. గట్టిగా కాదు.

అయింది. రెండు నెలలు. అక్టోబరు ఒకటి, రెండు.

ఆగస్టు 9

గవ్వ అన్నం వదిలేసింది. వేవిళ్ళు అంది దుర్గ. కుక్కలకు ఉంటాయా అన్నాను. "ఆడదైతే చాలదా సారూ," అంది.

ఆగస్టు 23

మళ్ళీ తింటోంది. రోజుకు రెండు గుడ్లు, అరలీటరు పాలు. "మీరు పెట్టే తిండికి నాక్కూడా ఒళ్ళొస్తుంది సారూ," అంది దుర్గ. నడుము వెడల్పయింది. నడకలో తేడా తెలుస్తోంది.

ఆగస్టు 30

నెల అయింది. నెలకు తీసుకురండి, పొట్ట నొక్కి చూసి చెప్తానని డాక్టరు చెప్పారు. ఇవాళ వెళ్ళాల్సింది. చిలకలపూడి వైపు లైన్లన్నీ పోయాయి. సాయంత్రం దాకా గోతిలోనే ఉన్నాను.

సెప్టెంబరు 3

వాన. వానలో తిప్పడం మంచిది కాదు.

సెప్టెంబరు 8

పొట్ట నొక్కడం అంత మంచిది కాదేమో. లోపల చిన్నచిన్నవి. చూస్తేనే తెలుస్తుంటే ఇంక నొక్కి చూడటం దేనికి.

సెప్టెంబరు 12

చర్చికి వెళ్ళాను. బయటికి వస్తుంటే ప్రభ స్నేహితురాలు శాంతి గారు ఆపారు. ఎలా ఉన్నారు అన్నారు. గవ్వకు నెలలు నిండుతున్నాయని చెప్పాను. ఆవిడ నా ముఖం చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకో తెలియలేదు. మంచి కబురే చెప్పాను.

సెప్టెంబరు 19

పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కదిలినట్టు అనిపించింది. రెండుసార్లు.

సెప్టెంబరు 25

గవ్వకు పాలు పడ్డాయి.

రొమ్ములు పొంగాయి. దుర్గ వేలితో తాకి చూపించింది. తెల్ల చుక్క. దుర్గ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుతోంది. అయితే ఇక సందేహం లేదు. డాక్టరుకు ఫోన్ చేసి చెప్దామనుకున్నాను. పిల్లలు పుట్టాకే చెప్తాను.

సెప్టెంబరు 26

గవ్వ మూలల్లో గీకుతోంది. పాత పేపర్లు చింపి కుప్ప పోసింది. మెత్తటి గుడ్డలు వేయాలి, నూలువి, బాగా వాడినవి. నా దగ్గర లేవు.

ప్రభ బీరువా తెరిచాను. మార్చి తర్వాత ఇదే.

నేత చీరలు మూడు తీశాను. బళ్ళోకి కట్టుకునేవి. కలరా ఉండల వాసన వెనక ఇంకో వాసన ఉంది. తలుపు తెరిచి పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాను. గవ్వ వచ్చి బీరువాలోకి తల పెట్టింది. నేను పట్టించుకోలేదు.

వెనక గదిలో పక్క వేశాను. మూడు చీరలూ పరిచాను. కాసేపయ్యాక చూస్తే గవ్వ పక్కలో పడుకుని ఏదో నాకుతోంది. పిల్ల అనుకున్నాను. ఒక్క నిమిషం అలాగే అనుకున్నాను.

ప్రభ సవరం. ఆదివారాలు జడలో పెట్టుకునేది.

తీసుకోబోయాను. గుర్రుమంది. వదిలేశాను.

సెప్టెంబరు 28

సవరాన్ని పొట్టకు ఆనించుకుని పడుకుంటోంది. దాన్ని వదిలి అన్నానికి రావడం లేదు. గిన్నె అక్కడికే తీసుకెళ్తున్నాను. పెరట్లోకి వెళ్ళాల్సి వస్తే నోట కరుచుకుని వెళ్తోంది, నేల మీద పెట్టదు. నాకీ నాకీ వెంట్రుకలన్నీ ఒక వైపుకు దువ్వినట్టు అయ్యాయి.

పిల్లలు పుట్టాక వదిలేస్తుంది.

అక్టోబరు 1

లేదు.

అక్టోబరు 2

సెలవు. రోజంతా గది గుమ్మంలో కూర్చున్నాను. లేదు.

అక్టోబరు 3, ఆదివారం

లేదు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది.

అక్టోబరు 4

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గవ్వ బుట్టలోకి సవరాన్ని తెచ్చుకుంది. తువాలు కప్పాను.

ఆవిడ పొట్ట నొక్కి చూశారు. చాలాసేపు చూశారు. మళ్ళీ చూశారు. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. బల్ల వెనక కూర్చోలేదు. అప్పుడే తెలిసింది.

"లోపల ఏమీ లేవండీ."

"పాలు ఉన్నాయి."

"ఉంటాయి. కడుపు నిలిచినా నిలవకపోయినా కొన్నింటికి ఒళ్ళు ఇలాగే నడుస్తుంది. ఎద అయిన రెండు నెలలకు పాలు వస్తాయి, పక్క చేసుకుంటుంది, ఏది దొరికితే దాన్ని పిల్ల అనుకుని సాకుతుంది. దాని తప్పు కాదు."

"పొట్ట పెరిగింది."

"మీరు బాగా పెట్టారు."

తువాలు తీశారు. సవరం చూశారు. ఎవరిదని అడగలేదు. "మొదటిరోజు అని మీరు చెప్పిన రోజు, అంతకు ముందే మొదలై ఉండాలండీ. వారం ముందే. మీరు గుడివాడ తీసుకెళ్ళేసరికి దాటిపోయింది," అన్నారు.

"నేల రోజూ చూశానండీ."

"కొన్ని శుభ్రంగా నాకేసుకుంటాయి. ఇంట్లో ఆవిడ ఏమన్నారు?"

చెప్పాను.

ఆవిడ తువాలు మళ్ళీ సవరం మీద కప్పారు. బయట ఎవరిదో గేదె అరుస్తోంది. తర్వాత మెల్లగా చెప్పారు. ఇది తగ్గాలంటే ఆ వస్తువు తీసేయాలి. అది ఉన్నంతకాలం పాలు ఆగవు, గడ్డకడతాయి, జ్వరం వస్తుంది. దాని పొట్ట దగ్గర చెయ్యి పెట్టకూడదు, నిమరకూడదు. ఓ రోజు తిండి తగ్గించి బాగా నడిపించాలి. పది పదిహేను రోజులకు మామూలవుతుంది. ఆ తర్వాత విజయవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి. వయసు మీద పడుతున్న ఆడకుక్కకు గర్భసంచిలో చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది.

అంటే ఇక లేదు.

"దానికి తెలియదా అండీ, పిల్ల కాదని?" అన్నాను.

"తెలియదండీ."

"తీసేస్తే తెలుస్తుందా?"

"తెలియడం అంటూ ఏమీ ఉండదు. రెండు రోజులు వెతుక్కుంటుంది. తర్వాత మర్చిపోతుంది."

అక్టోబరు 4, మళ్ళీ

దుర్గ సాయంత్రం వచ్చింది. కడుపు లేదని చెప్పాను. వారం ముందే మొదలైందట, నేను చూసుకోలేదు అన్నాను. దుర్గ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వారం కాదండి. నేను హంసలదీవి వెళ్ళడానికి పది రోజుల ముందు నించే ఉంది. నేనే తుడిచేసేదాన్ని, మీరు లేవకముందే. మీ కంటబడితే బాగోదని."

"గేటు దగ్గర కుక్కలు ఎందుకని అడిగాను కదా."

"అడిగారు. నోరు రాలేదు సారూ. అమ్మగారుంటే అమ్మగారికి చెప్పేదాన్ని. అమ్మగారు సెలవులు అనేవారు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఒక్కరే మగమనిషి ఉన్న ఇంట్లో, ఆ మాట మీకెట్టా చెప్తాను?"

ఏడుస్తోంది. ఊరుకో అన్నాను. నేను కూడా అడగలేదు కదా. చుక్కలు ఏమైనా కనబడ్డాయా అని ఒక్కమాట అడగాల్సింది. నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. దుర్గా నేనూ ఒకే ఇంట్లో, ఒకే నేల మీద వెతుకుతూ, ఒకరికొకరు మర్యాద ఇచ్చుకున్నాం.

వెళ్ళేటప్పుడు, "అది నేను తీసుకెళ్ళి ఎక్కడన్నా పారేసొస్తానండి. మీరు చూడలేరు," అంది.

వద్దన్నాను.

అక్టోబరు 5

తీయలేదు.

అక్టోబరు 6

తీయలేదు. గవ్వ రొమ్ము ఒకటి ఎర్రబడింది. తాకితే వేడి.

అక్టోబరు 7

సెలవు పెట్టాను. దుర్గ గవ్వను గొలుసు వేసి కోనేరు సెంటరు దాకా నడిపించుకు వెళ్ళింది. సవరాన్ని వదిలి రానంటే ముందు అన్నం చూపించి మరిపించాం. తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి చూసింది.

పక్కలోంచి తీశాను. తడిగా ఉంది. పాల వాసన. ప్రభ వాసన ఎక్కడా లేదు. అంతా పోయింది. పంపు కింద కడిగి, నీళ్ళు పిండి, పేపర్లో చుట్టాను. చీరలు ఉతకడానికి వేశాను. పక్క ఎత్తేసి గది కడిగాను.

గవ్వ వచ్చింది. నేరుగా గదిలోకి వెళ్ళింది. బయటికి వచ్చింది. మంచం కింద, వంటింట్లో, బీరువా ముందు. బీరువా తలుపు గీకింది. తెరిచి చూపించాను. లోపల వాసన చూసి, వెనక్కి వచ్చి, మళ్ళీ గదిలోకి. సాయంత్రం దాకా అదే దారి. గది, మంచం, బీరువా.

ఏడవలేదు. చప్పుడు చేయలేదు. తిరిగింది అంతే.

చీకటి పడ్డాక నా కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడి ముఖంలోకి చూసింది. నిమరకూడదన్నారు. నిమరలేదు.

అక్టోబరు 8

వెతుకుతోంది.

అక్టోబరు 9

మల్లికార్జునరావు గారి ఫోన్. "ఏమండీ వియ్యంకుడుగారూ, తాతలమయ్యామా లేదా?" చెప్పాను. "మీ ఇంటికొకసారి వస్తానండి, ఊరికే," అన్నారు. రండి అన్నాను. వియ్యంకుడుగారూ అనే అన్నాను, అలవాటయింది.

గవ్వ ఇవాళ వరండాలో పడుకుంది. గదిలోకి ఒక్కసారే వెళ్ళింది.

అక్టోబరు 13

వాపు తీసింది. పాలు తగ్గాయి. పక్కింటి పిల్లిని తరిమింది.

అక్టోబరు 18

డాక్టరు చూసి, పూర్తిగా మామూలైందన్నారు. ఆపరేషన్ నవంబరులో. ఇక సెలవులు లేవు.

ఇంటికి రాగానే గవ్వ గిన్నె ఖాళీ చేసి, వెనక గది ముందు నుంచే పెరట్లోకి వెళ్ళింది. లోపలికి చూడలేదు. డాక్టరు చెప్పినట్టే మర్చిపోయింది.

దుర్గ అడిగింది, "ఆ సవరం ఏం చేశారండి సారూ?" అని. మంగినపూడి వెళ్ళి సముద్రంలో వేశానని చెప్పాను. మంచి పని చేశారంది.

ఆఫీసులో నా డ్రాయరులో ఉంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక తీసి చూస్తాను. ఇవాళ రెండుసార్లు తీశాను.